మెడికల్ స్కూల్‌లో సీటు రాలేదు, మాస్టర్స్‌లో చేర్పించమంటారా?

ఎడిసన్ అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మేం అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి విషయంలో సలహా కావాలి. నిరుడు మే నెలలో డిగ్రీ అయిపోయింది, బయాలజీ మేజర్. మెడికల్ స్కూళ్ళకు అప్లై చేసింది. మార్చి వచ్చేసింది, ఒక్క ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. జీపీఏ నాలుగుకి 3.3, సైన్స్ జీపీఏ 3.1, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంకాట్‌లో 507. ప్రస్తుతం ఒక ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది.

మంచి పేరున్న యూనివర్సిటీలో ఎంపీహెచ్‌కి, అంటే పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కి, సీటు వచ్చింది. ఏప్రిల్ మధ్యలోగా డిపాజిట్ కట్టాలి. ఇంకోటి, మెడికల్ స్కూల్ వాళ్ళే నడిపే ఏడాది స్పెషల్ మాస్టర్స్. ఫీజే యాభై వేల డాలర్ల దాకా అవుతుంది. మాస్టర్స్ ఉంటే అప్లికేషన్‌కి బలం కదా అని మా వారు అంటున్నారు. అమ్మాయి ఏదీ తేల్చి చెప్పడం లేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఇండియా నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కావడం లేదు.

డాలస్ నాన్న:
మా వాడు స్పెషల్ మాస్టర్స్ చేశాకే సీటు తెచ్చుకున్నాడు, ఇప్పుడు థర్డ్ ఇయర్. అలాగని అందరికీ అదే చెప్పను. వాడి ఎంకాట్ 514. జీపీఏ మాత్రం 3.1, పైగా చివరి ఏడాది ఇంకా పడిపోయింది. బుర్ర ఉంది, మార్కులు లేవు. మెడికల్ స్కూల్ స్థాయి చదువు తట్టుకోగలడా అన్న అనుమానం తీర్చడానికి అదొక్కటే మిగిలింది. మీ అమ్మాయిది ఆ పరిస్థితేనా అన్నది ముందు చూడండి.

ఒకటి గట్టిగా చెప్తాను. కొన్ని స్పెషల్ మాస్టర్స్‌లో మెడికల్ స్టూడెంట్లు చదివే పాఠాలే చదవాలి, వాళ్ళ మార్కులతోనే పోల్చి గ్రేడ్ ఇస్తారు. అక్కడ బీలు, సీలు వస్తే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. డిగ్రీలో తక్కువ వస్తే చిన్నతనం అనుకుంటారు. ఇక్కడ తగ్గితే అలా అనుకోరు.

ఒహాయో డాక్టర్:
అమ్మా, నేను ఇంటర్నల్ మెడిసిన్. మా దగ్గర మెడికల్ స్కూల్‌కి వచ్చే పిల్లల్ని ఏటా ఇంటర్వ్యూ చేస్తుంటాను. మీరు చెప్పిన మూడు అంకెలతో ఏమీ చెప్పలేను. ఇవి చెప్పండి: జీపీఏ ఏ సంవత్సరం ఎంత? ఎంకాట్‌లో నాలుగు సెక్షన్ల స్కోర్లు విడివిడిగా ఎంత? అప్లికేషన్ ఏ నెలలో సబ్మిట్ చేసింది? ఏ కాలేజీలకు? పేషెంట్ల దగ్గర ఎన్ని గంటలు పనిచేసింది? బయోకెమిస్ట్రీలో గ్రేడ్ ఏంటి? అమెరికన్ సిటిజనా, గ్రీన్ కార్డా?

ఎడిసన్ అమ్మ:
కూర్చోబెట్టి అన్నీ అడిగానండి. సిటిజనే, ఇక్కడే పుట్టింది. మొదటి రెండేళ్ళు 2.9, చివరి రెండేళ్ళు 3.7. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లూ సీ. బయోకెమిస్ట్రీ ఏ మైనస్. ఎంకాట్‌లో మూడు సైన్స్ సెక్షన్లూ 128, రీడింగ్ సెక్షన్ ఉంది కదా, కార్స్, అందులో 123. అప్లికేషన్ ఆగస్టు చివర్లో సబ్మిట్ చేసింది. సెకండరీలు, అంటే కాలేజీలు విడిగా అడిగే రెండో అప్లికేషన్లు, కొన్ని అక్టోబరులో పంపింది. న్యూజెర్సీ కాలేజీలు కాక కాలిఫోర్నియా, నార్త్ కరోలినా, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలు, ఇంకా బాగా పేరున్నవి. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) కాలేజీలకు పెట్టలేదు, మా వారికి ఇష్టం లేదు. పేషెంట్లతో అంటే, మా ఫ్రెండ్ కార్డియాలజిస్ట్ దగ్గర కొన్నాళ్ళు షాడోయింగ్ (పక్కనుండి పని చూడటం) చేసింది, అంతే.

ఒహాయో డాక్టర్:
సరే, ఇప్పుడు విషయం వేరుగా కనిపిస్తోంది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఎంపీహెచ్ సంగతి. ఎండీ (ఇక్కడి మామూలు డాక్టర్ డిగ్రీ) కాలేజీల అప్లికేషన్ సర్వీస్ ఆమ్‌కాస్ డిగ్రీ జీపీఏనీ గ్రాడ్యుయేట్ జీపీఏనీ వేరువేరుగా లెక్కకడుతుంది. మాస్టర్స్‌లో 4.0 తెచ్చుకున్నా ఆ 3.3 అలాగే ఉంటుంది. ఎంపీహెచ్‌లో ఎక్కువమందికి ఏలు వస్తాయని సీట్లు తేల్చే కమిటీలో కూర్చునే అందరికీ తెలుసు, పైగా అందులో హార్డ్ సైన్స్ తక్కువ. పబ్లిక్ హెల్త్ మీద నిజంగా ఆసక్తి ఉంటే చక్కగా చదవొచ్చు. అప్లికేషన్‌కి మరమ్మతు కోసమైతే దండగ.

స్పెషల్ మాస్టర్స్‌కీ ఇదే లెక్క, అది కూడా గ్రాడ్యుయేట్ కిందికే వస్తుంది. కాకపోతే అది కష్టమైన సైన్స్ కాబట్టి కమిటీలు విలువిస్తాయి. జార్జ్‌టౌన్, బోస్టన్ యూనివర్సిటీలవి చాలాకాలంగా పేరున్నవి. కొన్నిచోట్ల ఫలానా గ్రేడూ ఫలానా ఎంకాటూ ఉంటే తమ మెడికల్ స్కూల్లోనే ఇంటర్వ్యూ ఇస్తామని రాసిస్తారు. అలాంటి షరతు కాగితం మీద ఉందా, లేక మాటవరసకు చెబుతున్నారా అన్నది చేరేముందే చూసుకోవాలి.

డిగ్రీ జీపీఏ కదలాలంటే పోస్ట్‌బ్యాక్ ఒక్కటే మార్గం. అంటే డిగ్రీ అయ్యాక మళ్ళీ డిగ్రీ స్థాయి కోర్సులు తీసుకోవడం. అవి ఆ 3.3లో కలుస్తాయి. ఎంత కలుస్తాయో చూడండి. 120 క్రెడిట్లకు 3.3 ఉంది. ఇంకో 30 క్రెడిట్లు, అంటే ఏడాది పూర్తి చదువు, అన్నిట్లోనూ ఏ తెచ్చుకుంటే అది 3.44 అవుతుంది. అంత కష్టానికి అంత. ఒకటి రెండు బీలు వచ్చాయంటే అదీ ఉండదు.

ఇక అసలు సంగతి. ఆమ్‌కాస్ జీపీఏని ఏడాదివారీగా విడదీసి కాలేజీలకు చూపిస్తుంది. 2.9తో మొదలుపెట్టి 3.7కి వచ్చిన పిల్ల అని చూడగానే తెలుస్తుంది. బయోకెమిస్ట్రీలో ఏ మైనస్ తెచ్చుకుంటే ఆర్గానిక్‌లో సీ గురించి పెద్దగా పట్టించుకోరు. మళ్ళీ చదివి చూపించాల్సింది ఆమె ఇప్పటికే చూపించింది. మరి ఎందుకు పిలవలేదు? కార్స్‌లో 123 అంటే రాసినవాళ్ళలో సగం కంటే కిందే. మెడికల్ స్కూళ్ళలో చేరేవాళ్ళ సగటు ఎంకాట్ 511, 512 దగ్గర, జీపీఏ 3.8కి దగ్గరగా ఉంటున్నాయి. జీపీఏ తక్కువున్నప్పుడు ఎంకాట్ దాన్ని మోయాలి. ఏ మాస్టర్సూ కార్స్ స్కోరు పెంచదు. కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టు ఉంటుంది.

తేదీ ఇంకో దెబ్బ. జూన్ చివరి నుంచే అప్లికేషన్లు కాలేజీలకు చేరతాయి. చాలాచోట్ల వచ్చినవి వచ్చినట్టే చూసుకుంటూ ఇంటర్వ్యూ స్లాట్లు నింపేస్తారు. ఆగస్టు చివర్లో పంపితే ఆమ్‌కాస్ వెరిఫికేషనే ఇంకొన్ని వారాలు తింటుంది. బలమైన అప్లికేషన్ అయితే తట్టుకుంటుంది, ఇది తట్టుకోలేదు. కాలేజీల లిస్టు చూస్తే జాలేసింది. స్టేట్ యూనివర్సిటీలు ముందు సొంత రాష్ట్రం పిల్లల్ని చూస్తాయి. టెక్సాస్‌లో అయితే ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళు తొంభై శాతం సీట్లు టెక్సాస్ వాళ్ళకే ఇవ్వాలి. వాషింగ్టన్, నార్త్ కరోలినాలకు కట్టిన ఫీజు వృథా.

నా మాట: ఈ ఏడు ఎంపీహెచ్ వద్దు, స్పెషల్ మాస్టర్సూ వద్దు. ల్యాబ్ మానేసి పేషెంట్ల దగ్గర ఉండే ఉద్యోగం చూసుకోమనండి. స్క్రైబ్ (డాక్టర్ పక్కన నోట్స్ రాసే పని), మెడికల్ అసిస్టెంట్, ఈఎంటీ (అంబులెన్స్ పని), ఏదైనా సరే. ఎంకాట్ వచ్చే ఏడాది మొదట్లో రాయనివ్వండి. ఈ జూన్‌లో మళ్ళీ అదే ఫైలు పంపకండి. పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందని కాలేజీ వాళ్ళు కచ్చితంగా చూస్తారు. వచ్చే జూన్ మొదటివారంలో పంపండి. చదువు వదిలేశానన్న బెంగ ఉంటే సాయంత్రం పూట స్టేట్ కాలేజీలో ఫిజియాలజీయో ఇమ్యునాలజీయో ఒక్కటి తీసుకోమనండి, చాలు.

ఎడిసన్ అమ్మ:
డాక్టర్ గారూ, చాలా థాంక్సండీ. మీ పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను. "నాకు ఎంపీహెచ్ ముందునుంచే ఇష్టం లేదమ్మా, నాన్న బాధపడతారని చెప్పలేదు" అంది. కానీ చేరడానికి ఇంకో రెండేళ్ళ పైనే ఆగాలంటే వయసు? చేరేసరికి ఇరవై నాలుగు వస్తాయి.

రెండో ఏడు (డీఓ విద్యార్థి):
ఆంటీ, మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళ సగటు వయసే దాదాపు ఇరవై నాలుగు. మూడింట రెండొంతుల పైన పిల్లలు కనీసం ఒక్క గ్యాప్ ఇయర్ తీసుకునే చేరుతున్నారు. మా క్లాసులో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళూ ఉన్నారు.

డీఓ సంగతి అంకుల్‌కి చెప్పండి. డీఓలు పూర్తి లైసెన్సున్న డాక్టర్లే. ప్రిస్క్రిప్షన్ రాస్తారు, సర్జరీ చేస్తారు. 2020 నుంచి రెసిడెన్సీలన్నీ (డిగ్రీ తర్వాత ఆస్పత్రి శిక్షణ) ఎండీలకూ డీఓలకూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. డెర్మటాలజీ లాంటి గట్టి పోటీ ఉన్నవాటిలో డీఓకి కష్టమే, అది దాచను. అక్కడ చేరేవాళ్ళ సగటు ఎంకాట్ 504 చుట్టుపక్కల, జీపీఏ 3.6. అక్క 507తో నిరుడు జూన్‌లోనే డీఓలకు పెట్టి ఉంటే పిలుపు వచ్చేదేమో. మీ న్యూజెర్సీలోనే రోవన్ డీఓ కాలేజీ ఉంది.

పాత చర్చల్లో డీఓకి గ్రేడ్ రీప్లేస్‌మెంట్ ఉందని, సీ వచ్చిన కోర్సు మళ్ళీ చదివితే పాత గ్రేడ్ పోతుందని చదువుతారు. అది 2017లోనే తీసేశారు. ఇప్పుడు రెండూ లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఆర్గానిక్ మళ్ళీ చదవొద్దు.

టాంపా అంకుల్:
ఇదంతా ఎందుకమ్మా, కరీబియన్ దీవుల్లో ఎక్కడో చేర్పించేయండి. లేదంటే మన దగ్గర ఏదో ప్రైవేట్ కాలేజీలో ఎన్ఆర్ఐ సీటు. నాలుగైదేళ్ళలో డాక్టరై వస్తుంది.

ఒహాయో డాక్టర్:
అన్నయ్య గారూ, నేను గుంటూరులో చదివి వచ్చినవాణ్ణే. ఆ దారి నాకు తెలుసు కాబట్టే తొందరపడొద్దంటున్నాను. ఇండియాలో ఎన్ఆర్ఐ సీటుకైనా నీట్ రాయాలి. డిగ్రీ అయిన పిల్ల మళ్ళీ ఇంటర్ ఫిజిక్స్ మొదలుపెట్టాలి. తిరిగొచ్చాక రెసిడెన్సీకి ఫారిన్ గ్రాడ్యుయేట్ కింద పోటీపడాలి. ఇక్కడి లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ వన్‌కి 2022 నుంచి స్కోరు లేదు, పాస్ ఫెయిలే. స్కోరుతో పైకి కనిపించే అవకాశం వాళ్ళకి ఒకటి తగ్గింది. కరీబియన్ కాలేజీల్లో మధ్యలో ఆగిపోయేవాళ్ళు ఎక్కువ, అప్పు మాత్రం ఆగదు. ఇక్కడ సరిగ్గా ఒక్కసారి కూడా అప్లై చేయని పిల్లకి అది మొదటి దారి కాదు.

అట్లాంటా నుంచి:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఇదంతా చదువుతున్న హెచ్4 (హెచ్1 వాళ్ళ కుటుంబ వీసా) పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఎడిసన్ గారి అమ్మాయి సిటిజన్, ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చు. మన పిల్లలకు ఇరవై ఒకటి నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1 స్టూడెంట్ వీసాలోకి మారాలి. అప్పుడు "ఉత్త గ్యాప్ ఇయర్" అన్నది కుదరదు. డిగ్రీ తర్వాతి ఓపీటీయో (కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే అనుమతి) మళ్ళీ చదువో ఉండాలి. మా ఇంట్లో మాస్టర్స్ చేరడానికి వీసా కూడా ఒక కారణం. ఎఫ్1 పిల్లల్ని తీసుకునే మెడికల్ స్కూళ్ళే తక్కువ, తీసుకున్నా ఫెడరల్ లోన్ రాదు. కొన్నిచోట్ల ఫీజు ముందుగానే ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టమంటారు. మాస్టర్స్‌కి డబ్బు కట్టే ముందు ఏయే కాలేజీలు మన స్టేటస్‌కి తలుపు తెరుస్తాయో లిస్టు రాసుకోండి.

ఎడిసన్ అమ్మ:
మా వారి ప్రశ్న ఒకటి. ఒకవేళ వచ్చే ఏడాది కూడా రాకపోతే అప్పుడు స్పెషల్ మాస్టర్స్ చేయొచ్చా? లోన్ దొరుకుతుందా?

డాలస్ నాన్న:
చేయొచ్చు, అప్పటికి లెక్క తేటగా ఉంటుంది. ఎంకాట్ 512 వచ్చి, జూన్‌లో పంపి, డీఓలతో సహా సరైన లిస్టు పెట్టి, క్లినికల్ ఉద్యోగం ఉండి కూడా పిలవలేదంటే అడ్డం జీపీఏనే అని తేలిపోతుంది. అప్పుడు ఆ డబ్బుకి అర్థం ఉంది.

లోన్ మాత్రం జాగ్రత్త. మా వాడప్పుడు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్‌తో గట్టెక్కాం. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి అది లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లే. మెడికల్ స్కూల్‌కి ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. ప్రైవేట్ మెడికల్ స్కూల్ నాలుగేళ్ళకు అది చాలదు. అంటే ఇప్పుడు మాస్టర్స్‌కి యాభై వేలు చేతినుంచి పెడితే, రేపు అసలు చదువుకి ఆ మేరకు ప్రైవేట్ లోన్ ఎత్తాల్సిరావచ్చు. మీ వారికి ఈ అంకెలు చూపించండి.

ఇంకో విషయం. మాస్టర్స్ ఆగస్టులో మొదలవుతుంది, అప్లికేషన్ జూన్‌లో పోతుంది. అదే ఏడాది రెండూ చేస్తే మొదటి సెమిస్టర్ గ్రేడ్లు కాలేజీకి చేరేసరికి జనవరి. అప్పటికి ఇంటర్వ్యూలు చాలావరకు అయిపోతాయి. కాబట్టి ఏడాది కోర్సు అన్నా రెండేళ్ళ పనే.

ఎడిసన్ అమ్మ:
అర్థమైందండి. ఎంపీహెచ్ డిపాజిట్ కట్టడం లేదు. మా వారు డీఓకి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, మన వూళ్ళో మా ఇంటి డాక్టరే డీఓ అని అమ్మాయి గుర్తుచేసేసరికి ఊరుకున్నారు. అమ్మాయి ఈఎంటీ క్లాసులకు పేరు ఇస్తానంటోంది. కార్స్ ఎలా పెంచుకోవాలో ఎవరైనా చెప్తే బాగుంటుంది. కోచింగ్‌లో చేర్పించాలా?

రెండో ఏడు (డీఓ విద్యార్థి):
కార్స్‌కి కోచింగ్ వల్ల పెద్దగా లాభం లేదు ఆంటీ. ఎంకాట్ నడిపే ఏఏఎంసీ వాళ్ళే అమ్మే కార్స్ ప్రశ్నల ప్యాక్‌లు ఉన్నాయి, అవే అసలు పరీక్షకి దగ్గర. రోజుకి రెండు మూడు ప్యాసేజీలు టైమ్ పెట్టుకుని చేయమనండి. తప్పు పోయినచోట సరైన జవాబు ఏదో చూసి వదిలేయకుండా, తను పెట్టిన జవాబు ఎందుకు తప్పో ఒక వాక్యం రాసుకోవాలి. మిగతా రోజుల్లో సైన్స్ కానివి చదవాలి, తత్వశాస్త్రం, చరిత్ర, కళల మీద వ్యాసాలు.

ప్రాక్టీస్ టెస్టుల్లో వరుసగా 511 పైన రాకుండా డేట్ బుక్ చేయొద్దు. పాత స్కోరు కూడా కాలేజీలకు కనిపిస్తుంది, మూడోసారి రాయాల్సి వస్తే మంచిగా ఉండదు. జనవరి డేట్లు తొందరగా నిండిపోతాయి. రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో ఏఏఎంసీ సైట్లో చూసుకుంటూ ఉండమనండి. అక్కకి ఇంకేమైనా డౌట్లుంటే ఇక్కడే అడగమనండి, తెలుగు రాయడం రాకపోతే ఇంగ్లీషులోనైనా పర్లేదు.