అప్‌డేట్: మా కాలేజీ రేడియోలో గుయ్యిమనే శబ్దం పోయింది

మా కాలేజీ కమ్యూనిటీ రేడియో ప్రసారంలో మాటల వెనకాల గుయ్యిమని శబ్దం వస్తోందని నెల కిందట ఇక్కడ అడిగాను. ఆ సమస్య తీరింది. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి" అన్న సలహాతోనే దారి దొరికింది. బ్యాటరీ మీద నడిపితే హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఛార్జర్ పెట్టగానే మళ్లీ గుయ్యి. సౌండ్ ఇంజినీరు గారు వచ్చి చూసి గ్రౌండ్ లూప్ (ఎర్తింగ్ దారులు వలయంలా కలవడం) అని తేల్చారు. లాప్‌టాప్ ఒక గోడ ప్లగ్గులో, మిక్సర్ (మైకు, లాప్‌టాప్ శబ్దాల్ని కలిపే పరికరం) ఎదుటి గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండింటి ఎర్తింగూ ఆడియో కేబుల్ ద్వారా కలిసి, కరెంటులోని 50 హెర్ట్జ్ హమ్, అంటే ఆ గుయ్యి శబ్దం, లోపలికి వస్తోందట. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మారిస్తే చాలావరకు తగ్గింది. లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపులా వైర్లు నేరుగా కలవకుండా ఆడియోని మాత్రం పంపేది) ఉన్న చిన్న డబ్బా పెట్టాక పూర్తిగా పోయింది.

దయచేసి ఛార్జర్ ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి. హమ్ తగ్గినా షాక్ కొట్టే ప్రమాదం ఉంది. మా సీనియర్ ఒకరు అదే చేద్దామంటే ఇంజినీరు గారు గట్టిగా వద్దన్నారు.

50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌నీ, డాబా మీది యాంటెన్నానీ అనుమానించడం అనవసరం. మైకు కూడా బాగానే ఉంది, అనవసరంగా కొత్తది కొన్నాం.

నిన్న సాయంత్రం ఫస్టియర్ అమ్మాయి కార్యక్రమం చేస్తుంటే కాగితం తిప్పిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. ఎంత సంతోషమేసిందో!