కుక్కతో తొలిసారి సముద్రం ఒడ్డుకి

ప్రశ్న: మా ఆరేళ్ల కుక్కని తీసుకుని, పెద్దగా జనం లేని ఓ తీరపు ఊరికి కారులో వెళ్తున్నాం. 5 గంటల దారి. కారెక్కితే వాంతి చేసుకుంటుంది, అదే టెన్షన్. సముద్రం ఎప్పుడూ చూడలేదు కూడా.

జవాబు: బయల్దేరడానికి 3, 4 గంటల ముందే తిండి పెట్టేయండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. నన్నడిగితే అసలు గండం ఉప్పునీళ్లు. మాది బంతి కోసం అలల్లోకి దూకిన ప్రతిసారీ గుటకలు మింగేసింది. రాత్రంతా విరేచనాలు, మాకు జాగారం. అప్పట్నుంచి మంచినీళ్ల సీసా, గిన్నె చేతిలోనే ఉంచుకుని, మాటిమాటికీ తాగిస్తున్నాను.

జవాబు: ఇసుక మీద చేతి వెనక వైపు 5 సెకన్లు ఆన్చి చూడండి. చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. పొద్దున్నే తిప్పండి.

ప్రశ్న అడిగినవారు: బంతి ఇంట్లోనే వదిలేస్తున్నానండీ!