లండన్ నుంచి పారిస్‌కి విమానంలో 2 గంటల 20 నిమిషాలా?

పటమట కోడలు (విజయవాడ):
మా తమ్ముడు లండన్‌లో ఉంటాడు. అత్తయ్యగారిని తీసుకుని వాడింటికి వెళ్లి, ఆపైన పారిస్ చూసుకుని అటునుంచే ఇంటికి రావాలని ప్లాన్. మ్యాప్‌లో లండన్, పారిస్ మధ్య నేరుగా 344 కి.మీ. చూపిస్తోంది. మనకి వైజాగ్ ఎంతో అంతేగా! విమానం టికెట్‌లో మాత్రం ఉదయం 10:00కి బయల్దేరి 12:20కి చేరుతుందని ఉంది. మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా? అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అదీ నా టెన్షన్.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
ఎక్కడా ఆగదమ్మా. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. గంట తీసేయండి, 1 గంట 20 నిమిషాలు. అందులోనూ గాల్లో ఉండేది గంట అటూ ఇటూ, మిగతాదంతా విమానం నేల మీద మెల్లగా కదిలేదే. అదే విమానం తిరుగు టికెట్ చూస్తే 10:00కి ఎక్కి 10:20కే దిగినట్టు ఉంటుంది!

అయినా మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి చెప్తున్నా, విమానం వద్దు. లండన్‌లో ఎక్కే హీత్రో విమానాశ్రయం ఊరికి ఓ చివర, పారిస్‌లో దిగే షార్ల్ ద గోల్ విమానాశ్రయం ఊరికి పాతిక కి.మీ. అవతల. ఆ నడకలూ క్యూలూ కలిపితే పూట గడిచిపోతుంది. మా ఆవిడవీ అలాంటి మోకాళ్లే, అందుకే మేం యూరోస్టార్ రైలెక్కాం. లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ నుంచి పారిస్‌లోని గార్ ద్యు నోర్‌కి రెండుంబావు గంటలు. రెండూ ఊరి మధ్యలోని స్టేషన్లే. ఫ్రాన్స్ వాళ్ల పాస్‌పోర్ట్ తనిఖీ కూడా లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది, పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడవడమే. కాకపోతే గంటన్నర ముందే స్టేషన్‌కి చేరాలి, మన ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి ఎక్కినట్టు కుదరదు.

దారిలో సముద్రం కనబడుతుందని మాత్రం ఆశపడకండి. 50 కి.మీ. సొరంగం, అందులో 38 కి.మీ. సముద్రం అడుగునే. కిటికీలో చీకటి తప్ప ఏమీ ఉండదు.

కృష్ణలంక కుర్రాడు:
మాస్టారు చెప్పింది బాగానే ఉంది కానీ, రైలు టికెట్ ఆలస్యంగా తీస్తే ధర వాచిపోతుంది. తేదీ ఖాయమైన రోజే కొనండి. బ్రిటన్ వీసా మీద పారిస్‌లోకి రానివ్వరు, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసా వేరే ఉండాలి. ముందు ఆ పని చూసుకోండి.

పటమట కోడలు:
షెంగెన్‌కి అప్లై చేశాం. మాస్టారూ, రైల్లో లగేజీ ఎలా? ఆవకాయ డబ్బా ఉంది.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
మామూలు టికెట్‌కి రెండు సూట్‌కేసులు, ఒక చేతిసంచి. తూకం వేయరు గానీ ఎత్తి పెట్టుకోవాల్సింది మీరే, తమ్ముణ్ణి స్టేషన్‌కి రమ్మనండి. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలోని ద్రవాలకి పెట్టే 100 మి.లీ. నిబంధన ఇక్కడ లేదు, ఆవకాయకి ఇబ్బంది లేదు. నెయ్యి మాత్రం తమ్ముడింట్లోనే వదిలేయండి. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం అటు తీసుకెళ్లనివ్వరు.