బయటి ఆసుపత్రిలో పుట్టి వచ్చిన నెలతక్కువ బిడ్డలను సర్ఫాక్టెంట్ ట్రయల్‌లో ఎలా చేర్చుకుంటున్నారు?

దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి 108లో వచ్చే నెలతక్కువ బిడ్డల కోసం అడుగుతున్నాం. సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే పరికరం) మీదున్న బిడ్డకు సన్న గొట్టంతో శ్వాసనాళంలోకి సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే మందు) ఇచ్చే ట్రయల్‌కు ప్రోటోకాల్ రాస్తున్నాం.

మొదటి చిక్కు టైము. 2021లో ఫలితాలొచ్చిన ఆప్టిమిస్ట్ ట్రయల్‌లో 25–28 వారాల బిడ్డలను పుట్టిన 6 గంటల్లోపే, ఆక్సిజన్ 30 శాతం, ఆపైన కావాల్సి వస్తేనే చేర్చారు. ఇక్కడ రెఫరల్ రాసి, బండి దొరికి, చేరేసరికి ఆ గడువు చాలాసార్లు దాటుతుంది. 12 గంటలకు పెంచితే, అప్పటికే అలిసిపోయి వెంటిలేటర్ ట్యూబ్ వేయాల్సి వచ్చినవాళ్లు తప్పిపోతారు, మిగిలేది గట్టి బిడ్డలే. ఫలితం ఉన్నదానికన్నా బాగా కనబడుతుంది. చేరిన టైము నుంచి లెక్కపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇక మందు. సర్ఫాక్టెంట్ రకాల్లో పొరాక్టెంట్ అయితే కిలోకు 200 మి.గ్రా. అంటే 2.5 మి.లీ. బెరాక్టెంట్ 100 మి.గ్రా.కే 4 మి.లీ. 1.2 కిలోల బిడ్డకు 4.8 మి.లీ. గబగబా పోస్తే గొంతులోకి పొంగుతుంది, శాచురేషన్, గుండె వేగం రెండూ పడిపోతాయి. ఎన్ని విడతలు, ఎన్ని నిమిషాలు? తర్వాత కడుపు గొట్టం నుంచి లాగి చూస్తున్నారా?

సమ్మతి పత్రం సంగతీ చెప్పండి. తల్లి సిజేరియనై అక్కడే ఉంటుంది, బిడ్డతో వచ్చేది నాయినమ్మో మేనమామో. తండ్రి వచ్చేదాకా ఆగాలంటే టైము పోతుంది. మీ ఎథిక్స్ కమిటీ దేనికి ఒప్పుకుంది? మొదటి బిడ్డను చేర్చకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు కావాలి కాబట్టి ఇది ముందే తేలాలి.

పెద్దల ఏఆర్‌డీఎస్ (తీవ్ర శ్వాస వైఫల్యం) అనుభవం ఇక్కడ పనికిరాదు. వాళ్లలో సర్ఫాక్టెంట్ మరణాలను తగ్గించలేదు.