రేంజర్‌లో కీలు మార్చుకోవాలా, వచ్చినవి వచ్చినట్టే ఉంచాలా?

డాబాగార్డెన్స్_డీటీపీ

అందరికీ నమస్కారం. మాది డాబాగార్డెన్స్‌లో చిన్న డీటీపీ, స్కానింగ్ కొట్టు. శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజుల స్కానింగు. ముందు గదిలో పేజ్‌మేకర్ కోసం ఒక విండోస్ మెషీన్ ఉంది. వెనక గదిలో పాత కంప్యూటర్లు రెండున్నాయి, వాటిలో లైనక్స్ వేశాను. స్కాన్ చేసినవన్నీ అక్కడికే చేరతాయి. ర్యామ్ తక్కువ కాబట్టి ఫైళ్లు సర్దడానికి టెర్మినల్లో (మౌస్ లేకుండా కీలతోనే నడిచే అక్షరాల తెరలో) రేంజర్ అనే ఫైల్ మేనేజర్ వాడతాం. నేను, మా తమ్ముడు, పనిచేసే కుర్రాళ్లిద్దరు, అందరికీ ఒకటే లాగిన్.

రేంజర్‌లో ఫైలు తీసెయ్యాలంటే డీ కొట్టాలి, తర్వాత షిఫ్ట్ పట్టుకుని డీ కొట్టాలి, అప్పుడు కింద డిలీట్ అన్న మాట వస్తే ఎంటర్ కొట్టాలి. ఇన్ని నొక్కుళ్లెందుకని రెండేళ్ల కిందట కాన్ఫిగ్‌లో, అంటే దాని సెట్టింగుల ఫైలులో, ఒక లైను రాసుకున్నాను, పెద్ద డీ ఒక్కటి కొడితే నేరుగా డిలీట్ అయ్యేలా. నా చేతికి హాయిగానే ఉండేది.

కిందటి వారం సాయంత్రం మా కుర్రాడు స్కాన్లకి పేర్లు పెడుతున్నాడు. దస్తావేజు నంబర్లు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పెడతాం, అందుకని క్యాప్స్ లాక్ వేశాడు. పేరు పెట్టడం అయ్యాక ఆ పేజీని వేరే ఫోల్డర్‌లోకి మార్చాలి. మామూలుగా కట్ చెయ్యడానికి డీడీ కొట్టాడు. క్యాప్స్ లాక్ ఇంకా వెలుగుతూనే ఉంది. మొదటి డీకి ఆ పేజీ పోయింది. కర్సర్ కింది ఫైలు మీదికి దిగింది. రెండో డీకి అదీ పోయింది. ఏ ప్రశ్నా అడగలేదు.

అవి ఒక పంపకాల దస్తావేజులో రెండు పేజీలు. అసలు కాగితాలు అప్పటికే ఆ పెద్దాయన అనకాపల్లి పట్టుకెళ్లిపోయారు. ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మళ్లీ తెచ్చారు. ఒక్క మాట అనలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే నా కాన్ఫిగ్ మొత్తం తీసేశాను. నలుగురు కూర్చునే మెషీన్లో కీలు వచ్చినవి వచ్చినట్టే ఉండాలన్నది ఇప్పుడు నా మాట. ఏ ఫైలు దేంతో తెరుచుకోవాలన్నది మాత్రం మన పనిని బట్టి మార్చుకోవచ్చు. మా తమ్ముడు ఒప్పుకోవడం లేదు. "తప్పు నువ్వు రాసిన ఆ ఒక్క లైనుది, దానికి కీలన్నీ ఎందుకు వదులుకోవాలి?" అంటాడు. మీరేమంటారు?

మద్దిలపాలెం_మేష్టారు

మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. డాస్ రోజుల్లో నార్టన్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ మీద చెయ్యి తిరిగినవాణ్ణి. తర్వాత లైనక్స్‌కి వచ్చి అలాంటిదే అయిన మిడ్‌నైట్ కమాండర్ తెరిస్తే, మొదటి రోజే సొంత ఇంట్లో ఉన్నట్టు అనిపించింది. అది 1994లో వచ్చింది. ఎఫ్3 చూడ్డానికి, ఎఫ్4 దిద్దడానికి, ఎఫ్5 కాపీకి, ఎఫ్6 తరలించడానికి, ఎఫ్7 కొత్త ఫోల్డర్‌కి, ఎఫ్8 తీసెయ్యడానికి. ఇప్పటికీ అవే. మీ రేంజర్‌లో కూడా డిఫాల్ట్‌గా, అంటే ఏమీ మార్చకుండా వచ్చినట్టే ఉంచితే, ఎఫ్5 కాపీ, ఎఫ్6 కట్, ఎఫ్7 ఫోల్డర్, ఎఫ్8 డిలీట్, కొట్టి చూడండి. ఒక ప్రోగ్రాం నేర్చుకున్న చెయ్యి ఇంకో ప్రోగ్రాంలో పనికొచ్చిందంటే, ఆ రాసినవాళ్లు పాత అలవాటుని గౌరవించారన్నమాట.

ఎన్‌ఎన్‌ఎన్ అని ఇంకో ఫైల్ మేనేజర్ ఉంది, సీ భాషలో రాసింది. దానికి కాన్ఫిగ్ ఫైలే లేదు. కొన్ని సెట్టింగులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టుకోవచ్చు గానీ, కీలు మార్చాలంటే దాని సోర్స్ కోడ్‌లోని హెడర్ ఫైలు దిద్ది, ప్రోగ్రాంని మళ్లీ కంపైల్ చెయ్యాల్సిందే. మొదట్లో మొండితనం అనుకున్నాను. ఇప్పుడు అదే సరైన పద్ధతి అనిపిస్తోంది. కీలు మార్చడం అంత కష్టంగా ఉంటే, మారుస్తున్నవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

రుషికొండ_కెరటం

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇందులో నాది పూర్తిగా వేరే దారి.

ఈ ఫైల్ మేనేజర్లలో పైకీ కిందికీ పక్కలకీ వెళ్లడానికి హెచ్, జే, కే, ఎల్ ఎందుకొచ్చాయి? వీఐ ఎడిటర్ రాసిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ముద్రించి ఉండేవి. అంతే. ఎవరూ కూర్చుని చేతికి ఏది హాయి అని కొలిచి పెట్టలేదు. ఎవరిదో ఒక కీబోర్డు ఎలా ఉంటే మనమూ అలాగే ఉండాలా?

డీటీపీ అన్నయ్యా, మీ తమ్ముడిదే నిజం. రేంజర్‌లో డిలీట్ చేసేటప్పుడు అడగాలా వద్దా అన్న సెట్టింగు ఉంది, మూడు విలువలు: ఎప్పుడూ అడుగు, ఎప్పుడూ అడక్కు, ఒకటికి మించి ఎంచుకుంటే అడుగు. డిఫాల్ట్ ఆ మూడోది. అంటే ఒక్క ఫైలు మీద మీ డీ పడితే అడగదు. డిఫాల్ట్‌లో కింద గడిలో డిలీట్ అని రాసి ఆగడమే ఆ అడగడం, మీ లైను దాన్ని దాటేసింది. ఆ సెట్టింగుని "ఎప్పుడూ అడుగు"కి మార్చి ఉంటే, మీ పెద్ద డీ ఉన్నా సరే, ఆ పేజీలు ఉండేవి. ఇంకా మంచిది, ఆ కీని చెత్తబుట్టకి కట్టడం. కొత్త వెర్షన్లలో డీ తర్వాత షిఫ్ట్ టీ కొట్టి ఎంటర్ నొక్కితే ఫైలు ట్రాష్‌లోకి వెళ్తుంది, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు. యాజీ అనే ఇంకో ఫైల్ మేనేజర్‌లో అయితే మామూలు డీకే ట్రాష్, పెద్ద డీకి శాశ్వతంగా తీసెయ్యడం.

ఎల్‌ఎఫ్ అని మరో ఫైల్ మేనేజర్ ఉంది, దాని సంగతి కూడా చూడండి. అందులో డిలీట్ కమాండ్ ఉంది గానీ దానికి కీ ఏదీ కట్టి ఇవ్వరు. కావాలనుకున్నవాళ్లు తామే రాసుకోవాలి. అంటే అక్కడ కీలు రాసుకోవడం సరదా కాదు, తప్పనిసరి. నా కాన్ఫిగ్‌లన్నీ ఫైళ్ల వెర్షన్లు దాచే గిట్‌లో ఉన్నాయి, ఏ మెషీన్‌కి వెళ్లినా నిమిషంలో దించుకుంటాను.

మద్దిలపాలెం_మేష్టారు

బాబూ, మీ మెషీన్ అయితే దించుకుంటారు. అర్ధరాత్రి క్లయింటు సర్వర్‌లోకి వెళ్తే, అక్కడ బయటి నెట్ ఉండదు, కొత్తది ఏదీ పెట్టనివ్వరు. అప్పుడు మీ వేళ్లు మీ సొంత కీలే కొడతాయి. ఆ క్షణంలో మెదడు కన్నా వేళ్లే ముందుంటాయి. అనకాపల్లి పెద్దాయన బస్సెక్కింది అందుకే కదా.

సెట్టింగు గురించి మీరు చెప్పింది మాత్రం నాకు తెలీదు. దాన్ని కాదనను.

సీతమ్మధార_అక్షరం

ఇద్దరూ ఇంగ్లిష్ కీబోర్డు గురించే మాట్లాడుతున్నారు. నేను రోజంతా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో టైపు చేస్తాను. నా సంగతీ వినండి.

మా ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి. వెతకాలంటే స్లాష్ కొట్టి, లేఅవుట్ తెలుగుకి మార్చి, "పట్టా" అని కొట్టి ఎంటర్ నొక్కుతాను. ఫైలు దొరుకుతుంది. లేఅవుట్ ఇంకా తెలుగులోనే ఉంటుంది. కిందికి పోదామని జే కొడితే ఫైల్ మేనేజర్‌కి వెళ్లేది "ర". కే కొడితే "క". హెచ్‌కి "ప", ఎల్‌కి "త". అది దేనికీ కదలదు. నేను మెషీన్ బిగుసుకుపోయిందనుకుని ఇంకో రెండుసార్లు కొట్టేదాన్ని. రోజుకి ఇరవై సార్లయినా ఇదే తంతు.

అందుకే ఎల్‌ఎఫ్‌లో నాలుగు లైన్లు రాసుకున్నాను. ర అంటే కిందికి, క అంటే పైకి, ప అంటే వెనక్కి, త అంటే తెరువు. ఇప్పుడు లేఅవుట్ ఏదైనా నా వేలు వెళ్లేది ఒకే చోటికి. మేష్టారూ, దీన్ని కూడా డిఫాల్ట్ చెడగొట్టడం అంటారా? డిఫాల్ట్ రాసినవాళ్లకి నా భాషలో కీబోర్డు ఉంటుందన్న సంగతే గుర్తులేదు. ఆ లోటు నేను పూడ్చుకున్నాను. అంతకు మించి ఒక్క కీ ముట్టుకోలేదు, తీసెయ్యడానికి తెలుగు కీ అసలే కట్టలేదు.

మద్దిలపాలెం_మేష్టారు

లేదమ్మా, అనను. ఇది మార్చడం కాదు, చేర్చడం. ఉన్న కీకి అర్థం మారలేదు, ఖాళీగా ఉన్న కీకి అర్థం వచ్చింది. నా అభ్యంతరం మొదటిదానికే.

ఎన్ఏడీ_నైట్‌షిఫ్ట్

కీల గొడవలో అసలు ప్రశ్నలో సగం అలాగే ఉండిపోయింది. ఏ ఫైలు దేంతో తెరుచుకోవాలన్నది. డీటీపీ గారు "అది మాత్రం మార్చుకోవచ్చు" అని తేలిగ్గా అనేశారు. నా ఉద్దేశంలో అక్కడా అంతే జాగ్రత్త కావాలి.

రేంజర్‌లో ఆ పని రైఫిల్.కాన్ఫ్ అన్న ఫైలుది. పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన రూలే గెలుస్తుంది. మీ రూలు ఎంత బాగా రాసినా, దానికి పైన ఇంకోటి సరిపోతే మీది ఎప్పటికీ నడవదు. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

రెండోది, కీల ఫైలుకీ దీనికీ ఒక తేడా ఉంది. కీలకి రేంజర్ ముందు తన ఆర్‌సీ.కాన్ఫ్ (కీల ఫైలు) చదివి, ఆపైన మీది చదువుతుంది. కాబట్టి మీవి రెండు లైన్లుంటే చాలు. రైఫిల్ అలా కాదు. మీ ఫైలు ఉంటే అసలుదాన్ని చూడదు. రెండు లైన్లే రాసి పెడితే మిగతా ఫైళ్లన్నీ తెరుచుకోవడం మానేస్తాయి. ముందు రేంజర్‌ని కాపీ-కాన్ఫిగ్ ఆప్షన్‌తో నడిపి అసలుది మొత్తం తెచ్చుకుని, దానిలో పైన మీవి చేర్చండి.

మీ పనికి పనికొచ్చే రూలు చెబుతాను. దస్తావేజులు బహుశా ఒకే టిఫ్‌ బొమ్మ ఫైలులో అన్ని పేజీలు పెడుతుంటారు. బొమ్మలన్నిటికీ కలిపి ఉన్న రూలు వాటిని బొమ్మలు చూసే ప్రోగ్రాంకి పంపిస్తుంది. మా దగ్గర అది మొదటి పేజీ ఒక్కటే చూపించేది, మిగతా పేజీలు స్కాన్ కాలేదేమోనని రెండోసారి స్కాన్ చేసినవాళ్లున్నారు. బొమ్మల రూలుకి పైన, ఎక్స్‌టెన్షన్ టిఫ్ అయితే ఎవిన్స్ అనే డాక్యుమెంట్లు చూసే ప్రోగ్రాంతో తెరవమని రాయండి. పేజీలన్నీ వరసగా వస్తాయి. రూలులో ఎక్స్ అన్న షరతు కూడా పెట్టండి, అంటే గ్రాఫికల్ స్క్రీన్ ఉన్నప్పుడే నడవాలని. లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌లో (వేరే మెషీన్ నుంచి టెర్మినల్ ద్వారా) వచ్చినప్పుడు కూడా దాన్నే తెరవబోయి ఎర్రర్ ఇస్తుంది.

ఇంకొకటి. ఫైలు పేరు వచ్చే చోట డాలర్, యాట్ గుర్తు రాస్తాం కదా, దానికి రెండు పక్కలా డబుల్ కోట్స్ ఉండాలి. మరిచిపోతే "పంపకాల దస్తావేజు" అన్న ఒక్క ఫైలు ఖాళీ దగ్గర విరిగి రెండు ఫైళ్లయి కూర్చుంటుంది, ఏదీ దొరకదు.

పేజ్‌మేకర్ ఫైళ్లు ఆ లైనక్స్ మెషీన్‌కి వస్తాయా?

డాబాగార్డెన్స్_డీటీపీ

వస్తాయి. బ్యాకప్‌కి అక్కడే పెడతాం. కుర్రాళ్లు పొరపాటున ఎంటర్ కొడితే దేంతో తెరవమంటావని అడుగుతుంది. ఒకడు ఎడిటర్ అని కొట్టాడు, తెరంతా పిచ్చి గీతలు. సేవ్ చెయ్యకుండా బయటికి రమ్మని పరిగెత్తాను.

ఎన్ఏడీ_నైట్‌షిఫ్ట్

అయితే మీకు మొదట రాయాల్సిన రూలు అదే. ఎక్స్‌టెన్షన్ పీఎండీ గానీ పీ65 గానీ (రెండూ పేజ్‌మేకర్ ఫైళ్లవే) అయితే, దాన్ని తెరవొద్దు, విండోస్ మెషీన్ చూసే షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి అని. అసోసియేషన్ అంటే తెరవడమే అవ్వాలని లేదు, ఏ కమాండైనా రాసుకోవచ్చు. ఫైళ్లు పాడవకుండా ఉండటానికి ఇంతకన్నా తేలిక ఉపాయం నాకు తెలీదు.

ఇక కీల సంగతికి నా జవాబు. గొడవకి మూలం కీలు కాదు, నలుగురికీ ఒకే లాగిన్ ఉండటం. నలుగురికీ వేరే యూజర్లు పెట్టండి, ఎవరి కాన్ఫిగ్ వాళ్లది. అది కుదరకపోతే రేంజర్‌కి కాన్ఫ్‌డిర్ అనే ఆప్షన్ ఉంది. ఎవరి ఫోల్డర్ వాళ్లు చెప్పి మొదలుపెట్టొచ్చు, తలా ఒక ఏలియాస్ (ఆ పెద్ద కమాండ్‌కి చిన్న పేరు) రాసుకుంటే సరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు క్లీన్ అన్న ఆప్షన్‌తో తెరిస్తే ఏ కాన్ఫిగ్ ఫైలూ ముట్టుకోదు, మేష్టారి డిఫాల్ట్ కీలే వస్తాయి.

మద్దిలపాలెం_మేష్టారు

క్లీన్ ఆప్షన్ బాగుంది. నేనైతే అదే కొట్టులో మామూలు పద్ధతిగా పెట్టి, సొంత కీలు కావాలన్నవాళ్లనే అదనంగా టైపు చెయ్యమంటాను.

రుషికొండ_కెరటం

నేను దానికి ఒప్పుకోను. రోజూ పనిచేసేవాడు రోజూ అదనంగా టైపు చెయ్యాలా, ఎప్పుడో వచ్చేవాడి కోసం? వచ్చేవాడే క్లీన్ అని కొట్టాలి. కానీ డిలీట్ విషయంలో మీతో ఉన్నాను. ఎవరి కాన్ఫిగ్ అయినా సరే, ఆ ఒక్క పని అడక్కుండా జరగకూడదు.

డాబాగార్డెన్స్_డీటీపీ

నిన్న ఆదివారం కూర్చుని చేశాను. వేరే లాగిన్లు పెట్టాను, స్కాన్ ఫోల్డర్ నలుగురికీ కలిపి ఒక గ్రూపులో ఉంచాను. డిలీట్ అడిగే సెట్టింగు "ఎప్పుడూ"కి మార్చాను. టిఫ్ రూలు పెట్టాక పేజీలన్నీ వచ్చాయి, చూసి మా తమ్ముడు ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాడు. పీఎండీ రూలు కూడా పనిచేస్తోంది. మా తమ్ముడు తన కీలు తనకి పెట్టుకున్నాడు, నేను డిఫాల్ట్‌లోనే ఉన్నాను.

ఒక్కటే మిగిలింది. ఆ క్యాప్స్ లాక్ అంటే నాకు భయం పట్టుకుంది. దాన్ని తీసేసే దారుందా?

రుషికొండ_కెరటం

కీబోర్డు అమరిక మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌లో కంట్రోల్ నోక్యాప్స్ అన్న ఆప్షన్ ఇస్తే అది ఇంకో కంట్రోల్ కీ అయిపోతుంది. పెద్దక్షరాలు కావాలంటే షిఫ్టే.

సీతమ్మధార_అక్షరం

దాన్ని కంట్రోల్ చెయ్యకండి. శుభలేఖల పని ఉన్నవాళ్లు, తెలుగుకీ ఇంగ్లిష్‌కీ మారుతూనే ఉంటారు కదా. అదే కమాండ్‌లో క్యాప్స్ టోగుల్ ఆప్షన్ ఇస్తే క్యాప్స్ లాక్ కీ లేఅవుట్ మార్చే కీ అవుతుంది. దాంతోపాటు క్యాప్స్ దీపాన్ని లేఅవుట్‌కి కట్టే ఆప్షన్ కూడా ఉంది. దీపం వెలిగితే తెలుగు, ఆరితే ఇంగ్లిష్. నేను ఆరేళ్లుగా అలాగే వాడుతున్నాను, తెర వంక చూడకుండానే ఏ లేఅవుట్‌లో ఉన్నానో తెలుస్తుంది.

డాబాగార్డెన్స్_డీటీపీ

ఇది పెడతాను అక్కయ్యా. రేపు కొట్టు తెరవగానే మొదట ఆ కుర్రాడి లాగిన్‌లోనే. దస్తావేజు నంబర్లు ఇకనుంచి చిన్నక్షరాల్లోనే పెట్టుకుందాం.