మిగిలిన డబ్బుతో బడికి ఆర్చి కడదామా, తొమ్మిదో తరగతి పిల్లల్ని పంజాబ్ పంపుదామా?

వాడరేవు_99:
అందరికీ నమస్కారం. ఆత్మీయ సమ్మేళనానికి రాలేకపోయినవాళ్ల కోసం సంగతి మొదటి నుంచి చెప్తాను. మా 1998-99 పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల పండగకి వెయ్యి నూట పదహార్ల నుంచి లక్షా నూట పదహార్ల దాకా ఎవరి శక్తి కొద్దీ వాళ్లు వేసుకున్నాం. భోజనాలు, గురువులకు శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చులు పోను 6 లక్షల 40 వేలు మిగిలాయి. ఊరి రోడ్డు మీద హైస్కూలుకి ఆర్చి కట్టి బ్యాచ్ పేరు వేయిద్దామని ఎక్కువమంది అన్నారు, నేను వద్దన్నాను, కానీ ఆ హడావుడిలో ఎందుకు వద్దంటున్నానో సరిగ్గా చెప్పలేకపోయాను.

మేం చదివేటప్పుడు బడి నుంచి ఒకే ఒక్కసారి నాగార్జునసాగర్ తీసుకెళ్లారు. ఇంట్లో డబ్బులు ఇవ్వగలిగిన పిల్లలే వెళ్లారు. నేను గేటు దగ్గర నిలబడి బస్సు కదలడం చూశాను, మర్నాడు క్లాసులో అందరూ డ్యామ్ గురించే మాట్లాడుకుంటుంటే ఏం చెప్పాలో తెలియక పుస్తకం తెరిచి కూర్చున్నాను. నలభై దాటినా అది మనసులోంచి పోలేదు. అందుకే అడుగుతున్నాను, ఈ డబ్బుతో తొమ్మిదో తరగతి పిల్లలు పదహారు మందిని పంపుదాం, ఇంట్లోవాళ్ల దగ్గర రూపాయి తీసుకోకుండా.

పంజాబే ఎందుకంటే, 2015లో పటేల్ జయంతి రోజున కేంద్రం ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' అనే రాష్ట్రాల జోడీ పథకంలో ఆంధ్రప్రదేశ్‌కి జోడీ రాష్ట్రం పంజాబ్, తెలంగాణకి హర్యానా. అక్కడ ఒక ప్రభుత్వ బడితో మాట్లాడుకుని మన పిల్లలు వారం అక్కడ, వాళ్ల పిల్లలు వారం ఇక్కడ. పంజాబ్‌కి సముద్రం లేదు. వాడరేవులో మొదటిసారి అల చూసే పిల్లవాడి పక్కన మన పిల్లవాడు నిలబడి, ఇది మా ఊరి సముద్రం అని చెప్పుకోవాలని నా ఆశ.

తూర్పువీధి_రైతు:
అన్నా, నేను మీకు ఆరేళ్లు జూనియర్‌ని, ఊళ్లోనే ఉంటాను. ఆర్చి అడిగేవాళ్లందరికీ పేరు పిచ్చి అనుకోవద్దు. పొద్దున ఏడున్నరకి మన సెంటర్లో నిలబడి చూడండి, ప్రైవేటు బళ్ల పసుపు బస్సులు వరసగా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని టౌనుకి పోతాయి. మన బడి రోడ్డుకి లోపలగా ఉంది, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లకి ఇక్కడ హైస్కూలు ఉందనే తెలియదు. ఈ బడికి వెనక మనుషులున్నారని ఊరికి కనపడాలి. పదహారు మంది వెళ్లొచ్చాక ఫొటోలు తప్ప మిగిలేది ఏంటి? ఆర్చి నలభై ఏళ్లుంటుంది.

సైన్సు_టీచర్:
నేను ఇప్పుడు ఆ బడిలోనే పనిచేస్తున్నాను కాబట్టి రెండు మాటలు. ప్రభుత్వ బళ్లని బాగుచేసిన నాడు-నేడు పథకంలో మరుగుదొడ్లు, తాగునీళ్లు, బెంచీలు, రంగులు వచ్చాయి, అది నిజంగా పెద్ద మార్పు. ల్యాబ్ మాత్రం అలాగే ఉంది. ఒక్క మైక్రోస్కోపు ముందు నలభై మంది వరసలో నిలబడతారు, చివరివాళ్ల వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేస్తారు. నన్నడిగితే మొదట లక్షన్నర అక్కడ పెట్టండి.

ఇక ప్రయాణం. డీఈఓ ఆఫీసు అనుమతి కావాలి, ప్రతి తల్లిదండ్రుల సంతకం కావాలి, ఆడపిల్లలు ఉంటే మహిళా టీచర్లు ఇద్దరైనా కావాలి. రెండు రోజుల రైలులో ఒక పిల్లకి జ్వరం వస్తే డబ్బులిచ్చినవాళ్లు ఊళ్లో ఉంటారు, జవాబు చెప్పుకోవాల్సింది మేము. నాకు భయం ఉంది, దాచుకోను. పదో తరగతి వాళ్లని మాత్రం అడగొద్దు, మార్చి పరీక్షల టెన్షన్ చాలు వాళ్లకి.

నవోదయ_అమ్మాయి:
ఫొటోలు తప్ప ఏం మిగులుతుంది అన్న అన్నగారికి నా సంగతి చెప్తాను. నేను ఈ ఊరి ప్రాథమిక బడిలో ఐదు వరకు చదివి, కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి అయిన నవోదయకి వెళ్లాను. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక ఏడాది పాటు హిందీ ప్రాంతం నుంచి మన వైపుకి, ఇక్కడివాళ్లని అటువైపుకి మారుస్తారు. నేను మధ్యప్రదేశ్ వెళ్లాను. మొదటి నెలంతా ఏడుపే, రెండు పూటలా రొట్టె, చారు లేదు, పెరుగన్నం లేదు. హిందీలో 'కల్' అంటే నిన్న, రేపు కూడా అని తెలియక ఒకసారి పరీక్షకి చదవకుండా వెళ్లాను. డిసెంబరు చలికి నా దగ్గర స్వెట్టర్ లేకపోతే పక్క మంచం అమ్మాయి తనది ఇచ్చి తను దుప్పటి కప్పుకుని క్లాసుకి వచ్చింది. ఆ అమ్మాయి పెళ్లికి నేను వెళ్లాను, నా కూతురి బారసాలకి తను వచ్చింది.

కానీ ఒక మాట, ఏడాదికీ వారానికీ చాలా తేడా. వారంలో హోటల్లో పడుకుని, బస్సులో తిరిగి, స్వర్ణ దేవాలయం, జలియన్‌వాలాబాగ్ చూసి వచ్చేస్తే అది మామూలు యాత్రే. ఇళ్లలో ఉంచండి, ఒక్కో ఇంట్లో ఇద్దరిద్దరు. లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనాల దగ్గర, తినడమే కాదు, ఒక పూట రొట్టెలు చేయడానికి కూర్చోబెట్టండి. వెళ్లేముందు మూడు నెలలు రెండు బళ్ల పిల్లలూ ఉత్తరాలు రాసుకోవాలి, అప్పుడే అక్కడికి వెళ్లేసరికి తెలిసిన మొహాలుంటాయి.

డాలస్_తమ్ముడు:
అన్నా, ఇక్కడ మన ఊరివాళ్లం పదిమందిమి కలిసి ఇంకో ఐదు లక్షలు పంపగలం, కానీ ముందు ఖాతా సంగతి తేల్చండి. ఇప్పుడున్నది ఇద్దరి పేర్ల మీద జాయింట్ ఖాతా. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు ఇస్తే అవుతుంది, దానికి ఆ చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కావాలి. నాలాంటివాళ్లు నలుగురున్నారు. తెలియక వేసేసి తర్వాత నోటీసులొస్తే బడికే చెడ్డపేరు.

2023 సెప్టెంబరులో ఆంధ్ర ప్రభుత్వ బళ్ల నుంచి పదిమంది పిల్లలు ఐక్యరాజ్యసమితికి వచ్చినప్పుడు వార్త చూసి ఇక్కడ మేమందరం ఏడ్చినంత పని చేశాం. ఎప్పుడో ఒకరోజు మన బడి నుంచి కూడా రావాలి.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
నేను మిర్చి కోతలకి వెళ్లేదాన్ని, మా పాప ఫోన్‌లో టైపు చేస్తోంది. పంపిస్తాను. కానీ మార్కులు చూసి ఎంపిక చేయొద్దు సార్, ఎప్పుడూ ఆ నలుగురు పిల్లలే అన్నిటికీ వెళ్తారు. చీటీలు తీయండి. జనవరిలో అక్కడ పొగమంచుకి రైళ్లు గంటలకి గంటలు ఆగిపోతాయంట, మా తమ్ముడు మిలిటరీలో ఉండి వచ్చాడు, వాడు చెప్పాడు. చలికోట్లు కొనమంటే మా వల్ల కాదు.

తూర్పువీధి_రైతు:
అమ్మా, మీరు చెప్పిన చీటీల మాట బాగుంది. ఆర్చి మీద నా మాట మారలేదు, కానీ పసుపు బస్సులో వెళ్లే పిల్లలకి పంజాబ్ ప్రయాణం లేదు కదా అని రాత్రంతా ఆలోచించాను. ఊళ్లో అది కూడా కనపడుతుంది.

వాడరేవు_99:
అమ్మ చెప్పిందే సరి, జనవరి వద్దు. దసరా సెలవుల్లో వెళ్దాం, అప్పుడక్కడ వరి కోతలు కూడా ఉంటాయి. వాళ్లు సంక్రాంతికి ఇక్కడికి రావాలి. వాళ్ల లోహ్రీ మంట, మన భోగి మంట ఒక్క పూట తేడాలో వస్తాయి, ఆ పిల్లలకి ఇల్లు వదిలొచ్చిన దిగులు ఉండదు.

లెక్క చెప్తాను. పల్లెల్లోని ప్రభుత్వ బళ్ల పిల్లలకి ఏడాదికి ఒకసారి విజ్ఞాన యాత్రకి సెకండ్ క్లాసులో రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది, కానీ రెండు రోజులు కూర్చోబెట్టి తీసుకెళ్లలేం, కాబట్టి స్లీపర్ లెక్కే వేశాను. రానూపోనూ, తిండి, మందులు, టీచర్లతో కలిపి రెండున్నర లక్షలు. వాళ్లు వచ్చినప్పుడు ఇక్కడి ఖర్చు లక్ష. టీచర్ గారడిగిన లక్షన్నర ల్యాబ్‌కి, దానికి నేను వాదించను, అది మొదటే ఇచ్చేద్దాం. మిగిలే లక్షా నలభై వేలు ముట్టుకోకుండా ఉంచితే పై ఏడాది ఇంకో జట్టు ఖర్చుకి కొంత ఆసరా అవుతుంది. టీచర్ గారి భయం డబ్బుతో తీరేది కాదు. మా బ్యాచ్‌లో ఒక నర్సు ఉంది, రాత్రి ఫోన్ చేశాను, సెలవు పెట్టి రైల్లో వస్తానంది.

ఖాతా విషయం తేలేదాకా డాలస్ తమ్ముడూ, ఏమీ పంపకండి. వచ్చే ఆదివారం పది గంటలకి బడి వరండాలో కూర్చుందాం, తల్లిదండ్రుల కమిటీ వాళ్లూ వస్తున్నారు. నవోదయ చెల్లెమ్మా, ఉత్తరాలు ఎలా మొదలుపెట్టాలో పిల్లలకి చెప్పడానికి నువ్వు తప్పకుండా రావాలి.