లైనక్స్‌లో తెరుచుకునే ఫైలు విండోస్‌లో ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న (హనుమకొండ): ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణానికి పత్తి తూకాలు నమోదు చేసే పైథాన్ ప్రోగ్రాం రాశాను. నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్, దుకాణంలో విండోస్. ఒక ప్రోగ్రాం రాస్తుండగా మరొకటి ఫైలును ముట్టకుండా లాక్ వేయడానికి లైనక్స్‌లో వాడే ఎఫ్‌సీఎన్‌టీఎల్ (fcntl) మాడ్యూల్ విండోస్‌లో లేదు కాబట్టి, అక్కడ ఎంఎస్‌వీసీఆర్‌టీ (msvcrt) లాకింగ్ వాడాను. ఇప్పుడు తూకం రాస్తుండగా, అదే ఫైలును చదివే బిల్లు ప్రోగ్రాంకు ‘పర్మిషన్ డినైడ్’ (అనుమతి లేదు) ఎర్రర్ వస్తోంది. లైనక్స్‌లో ఎప్పుడూ రాలేదు. రైతులు వరుసలో నిలబడి ఉంటున్నారు, దారి చెప్పండి అన్నా.

జవాబు (కరీంనగర్): తమ్ముడూ, లైనక్స్‌లో ఎర్రర్ రాలేదంటే అంతా సవ్యంగా ఉందని కాదు. అక్కడ లాక్ ఒక ఒప్పందం. లాక్ అడిగే ప్రోగ్రాములే ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. నీ బిల్లు ప్రోగ్రాం అడగకుండానే చదువుతోంది, అంటే సగం రాసిన తూకాన్నీ చదివేయగలదు. విండోస్‌లో అలా కుదరదు. లాక్ పడిన బైట్లను వేరే ప్రోగ్రాం చదవలేదు. అదే ప్రోగ్రాం ఆ ఫైలును రెండోసారి తెరిచినా చదవలేదు. రైతు చేతికి తప్పుడు బిల్లు వెళ్లడం కంటే ఈ ఎర్రరే నయం.

తూకాల ఫైలుకు లాక్ వేయకు. పక్కన ఒక ఖాళీ లాక్ ఫైలు పెట్టి, రెండు ప్రోగ్రాములూ ముందు దాని మొదటి బైటుకు లాక్ తీసుకునేలా మార్చు. ఎంఎస్‌వీసీఆర్‌టీ ఫైలులో మనం ఉన్న చోటి నుంచే లాక్ వేస్తుంది కనుక, వేసేటప్పుడూ తీసేటప్పుడూ సీక్‌తో (ఫైలులో చోటు మార్చే ఆదేశం) సున్నాకు, అంటే ఫైలు మొదటికి, వెళ్లాలి. ఎంఎస్‌వీసీఆర్‌టీలో లాక్ అడిగే ఎల్‌కే_లాక్ (LK_LOCK) సెకనుకోసారి 10 సార్లు ప్రయత్నించి ఎర్రర్ ఇస్తుంది. దాన్ని పట్టుకుని మళ్లీ ప్రయత్నించాలి. లైనక్స్‌లో ఎఫ్‌సీఎన్‌టీఎల్‌లోని ఎఫ్‌లాక్ (flock) వాడు. అందులోనే ఉన్న లాక్‌ఎఫ్ (lockf) అయితే, అదే ప్రోగ్రాం ఆ ఫైలును మరోచోట తెరిచి మూసినా ఉన్న లాక్ పోతుంది.

ప్రశ్న: పని అయ్యాక లాక్ ఫైలును తొలగించాలా? తూకాలను కొత్త ఫైలులో రాసి పాతదాని పేరు పెట్టవచ్చా?

జవాబు: తొలగించవద్దు. లైనక్స్‌లో ఒక ప్రోగ్రాం తొలగించిన పాత ఫైలు మీద, మరొకటి అదే పేరుతో పుట్టిన కొత్త ఫైలు మీద లాక్ తీసుకుని రెండూ ఒకేసారి రాస్తాయి. పేరు మార్చే పద్ధతి మంచిదే కానీ, బిల్లు ప్రోగ్రాం పాత ఫైలును తెరిచి ఉంచితే విండోస్ ఒప్పుకోదు. కాబట్టి చదివి, ఫైలు మూసి, ఆ తర్వాతే లాక్ వదలాలి.

మరొకరు (జగిత్యాల): ఇంత శ్రమ ఎందుకు, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) వాడండి. ఈ తేడాలను అది లోపలే చూసుకుంటుంది. విండోస్ లాక్ చదవడానికి అడ్డు రాకుండా, తన లాక్ బైట్లను ఫైలులో 1 గిగాబైట్ దగ్గర పెట్టుకుని ఆ పేజీలో (ఫైలులోని ఆ ముక్కలో) డేటా రాయదు. ఫైలును మాత్రం నెట్‌వర్క్ షేర్ ఫోల్డర్‌లో పెట్టకండి, అక్కడ లాకులను నమ్మలేం. రెండో కంప్యూటర్ ఉంటే రాసే పనంతా ఒకదానికే అప్పగించండి.